చిన్నా, "నిల్" అని రాసే ముందు

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, వీడు పశువైద్యంలో ఎం.వి.యస్సీ థీసిస్‌కి జూలో కోతుల పెంటలో పురుగుల గుడ్లు లెక్కపెడతాడట. నువ్వైనా చెప్పవే" అంటూ ఏడవలేక నవ్వింది. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు నేను చేసిన పని పేరు మన ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. పెళ్లిచూపుల్లో "గవర్నమెంట్ ల్యాబ్‌లో ఉద్యోగం" అని చెప్పి అక్కడితో ఆపేసేవాళ్లు. అలాంటిది మన ఇంటి పిల్లాడు తనంతట తాను అదే పని కోరుకున్నాడంటే గర్వంగా ఉండదూ? గర్వం ఎంతుందో భయమూ అంతే ఉంది. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పెడితే బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేస్తావు. అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నా.

నేను డాక్టర్ని కాను, ల్యాబ్ టెక్నీషియన్ని. ఏ మందు, ఎంత డోసు అన్నది మీ గైడ్ చూసుకుంటారు. శాంపిల్ నేల మీద పడిన దగ్గర్నుంచి రిపోర్టులో అంకె పడేదాకా ఏమవుతుందో అది మాత్రం నన్నడుగు.

అందరికీ తెలిసినవి ముందు చెప్పేస్తా. కోతిని ముట్టుకోకపోయినా సరే, రాతపూర్వకమైన పర్మిషన్ చేతికి రాకుండా ఎన్‌క్లోజర్ వైపు వెళ్లకు. వివరాలు డబ్బా మీద రాయి, మూత మీద కాదు, మూతలు మారిపోతాయి. పెంటని నేలకి తగలని పైభాగం నుంచే తియ్యి. ఐస్‌ బాక్స్ పట్టుకెళ్లు. ఒక్కో శాంపిల్‌ని మూడు భాగాలు చెయ్యి: ఒకటి తాజాగా, ఒకటి పది శాతం ఫార్మలిన్‌లో, ఒకటి ఆల్కహాల్‌లో. ఫార్మలిన్‌లో వేసినదాన్ని తర్వాత పీసీఆర్‌కి, అంటే జన్యు పరీక్షకి, పంపుతానంటే కుదరదు, అందుకే ఆ మూడోది. ఒక్క రోజు చూసి తేల్చెయ్యకు, గుడ్లు రోజూ ఒకేలా పడవు. రోజు విడిచి రోజు మూడు శాంపిళ్లు చూడు.

ఇక నీ కాళ్ల సంగతి. నవ్వకు. చెప్పులతో కీపర్ల వెనకాల ఎన్‌క్లోజర్‌లోకి నడిచిపోయే రకం నువ్వు, నాకు తెలుసు. కోతుల్లో స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నటి పురుగు ఉంటుంది. దాని లార్వాలు, అంటే పిల్ల పురుగులు, తడి మట్టిలో తిరుగుతూ చర్మంలోంచే లోపలికి పోతాయి. ఒక వానాకాలం నా కాలివేళ్ల సందుల్లో మొదలైన దురద వారం దాకా వదల్లేదు. నాది అక్కడితో పోయింది. నీ సంగతి వేరు. నీకు మూడో ఏట నుంచీ ఆయాసం. చలికాలం వస్తే నీకు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. ఈ పురుగులో మనుషులకి పట్టే స్టెర్కొరాలిస్ అనే జాతి ఒళ్లో చేరితే దశాబ్దాలు దాక్కుని ఉంటుంది. స్టెరాయిడ్ పడిందంటే ఒక్కసారిగా ఒళ్లంతా పాకుతుంది. దాంతో ప్రాణాలే పోయినవాళ్లున్నారు. కాబట్టి గమ్ బూట్లు, రెండు జతల గ్లవుజులు. బూట్లు కొనడానికి డబ్బులు లేవంటే నేను పంపిస్తా. వేసుకున్నట్టు ఫొటో పెట్టు. మీ గైడ్ నవ్వితే మా పెద్దమ్మ పిచ్చిది అని చెప్పు.

మాస్కు కూడా వేసుకో. అది నీ కోసం కాదు, వాటి కోసం. మన టీబీ, మన జలుబు వాటికి అంటుకుంటాయి. దగ్గు ఉన్నరోజు వెళ్లకు. మకాక్ కోతి కరిచినా, గీరినా, దాని ఎంగిలి కంట్లో పడినా పావుగంట సేపు గడియారం చూస్తూ కడుక్కుని నేరుగా డాక్టర్ దగ్గరికి పో. "చిన్నదేలే" అన్నావంటే ఊరుకోను. వాటి నోట్లో ఉండే హెర్పిస్ బి వైరస్ వాటినేమీ చెయ్యదు, మనిషిని మాత్రం చంపుతుంది.

సరే, తిట్టడం అయిపోయింది.

గుంపులో ఏ పెంట ఏ కోతిదో తేల్చడం నీకు మొదటి తలనొప్పి. అన్నీ కలిపి ఒక డబ్బాలో వేస్తే "గుంపులో ఉంది" అని తెలుస్తుంది కానీ ఎవరిలో ఉందో, ఎంతుందో తెలియదు. ఒక్క కోతి గంపెడు గుడ్లు వదిలితే అన్నిటికీ ఉన్నట్టే అనిపిస్తుంది. ఇప్పుడు జూల్లో అరటిపండులో హాని చెయ్యని మెరుపు పొడి పెట్టి తినిపిస్తున్నారు, ఒక్కో కోతికి ఒక్కో రంగు. మర్నాడు పెంటలో రంగు తళతళలాడుతుంది. మేము మొక్కజొన్న గింజలు, బీట్‌రూట్ ముక్కలు వాడేవాళ్లం. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. గుంపు పెద్ద మగకోతి ఎవరి పండునైనా లాక్కుంటుంది. ఒకసారి మూడు ఆడకోతుల గుర్తులూ ఒక్క పెంటలోనే కనబడితే, పాపం మా కొత్త డాక్టరుగారు అరగంట తల పట్టుకున్నారు. పండు చేతికిచ్చాక ఆ కోతి మింగేదాకా అక్కడే నిలబడి చూడు. నీకంటే కీపరుకి వాటి వరస బాగా తెలుసు, ఆయన్ని "అన్నా" అని పిలువు, టీ తాగించు. నా నోట్‌బుక్కుల్లో ఉన్న విషయం సగం కీపర్లు చెప్పిందే.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని మీ అమ్మకి కూడా చెప్పలేదు.

మీ అమ్మ పెళ్లి మే నెలలో అయింది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. మా దగ్గర బానెట్ మకాక్‌ల గుంపు ఉండేది, మన గుళ్ల దగ్గర కనపడే మామూలు కోతులే, మొత్తం పదకొండు. అందులో ఒకటి పిల్ల. చెవి కొస తెగి ఉండేది, ఎప్పుడూ తల్లి పొట్టకి కరుచుకుని ఉండేది. ఒక రోజు పొద్దున ఎనిమిదింటికి కీపర్ ఆ ఎన్‌క్లోజర్‌లో నాలుగైదు చోట్ల నుంచి పెంట తీసి ఒకే పాలిథిన్ కవర్‌లో కట్టి తెచ్చి ఇచ్చాడు. గంటలో చూసేద్దామనుకున్నా. అంతలో మీ తాతయ్య స్కూటర్ మీద గేటు దగ్గరికి వచ్చేశారు, చీరలు కొనడానికి. ఫ్రిజ్ తెరిచి చూస్తే వ్యాక్సిన్లతో నిండి ఉంది. సర్దితే చోటు దొరికేదే. సర్దలేదు. సింకు పక్కన కిటికీ గట్టు మీద కవర్ పెట్టి వెళ్లిపోయా. ఆ రోజు కొన్నదే మీ అమ్మ ఆకుపచ్చ ధర్మవరం చీర, ఇప్పటికీ బీరువాలో ఉంది చూడు.

తిరిగి ల్యాబ్‌కి వచ్చింది మర్నాడు పదకొండింటికి. కవర్ లోపల గ్యాస్ పట్టి ఉబ్బిపోయి ఉంది. వాసన సంగతి చెప్పక్కర్లేదు. ఉప్పునీళ్లలో కలిపి, తేలించి, మూడు స్లైడ్లు చూశా. గుడ్డు అన్నది ఒక్కటీ లేదు. ముడతలు పడి ముద్దగా ఉన్న దారప్పోగుల్లాంటివి నాలుగైదు కనపడ్డాయి. మట్టిలో వాటంతట అవి బతికే పురుగులు కూడా అలాగే ఉంటాయి, నేల మీద నుంచి తీస్తే శాంపిల్‌కి అంటుకుంటాయి. అదేలే అనుకున్నా. రిజిస్టర్‌లో "నిల్" అని రాసి సంతకం పెట్టా. అక్షరాలు గుండ్రంగా, అందంగా రాశా, ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాయి.

ఇంతకీ ఏం జరిగిందంటే, కోతుల్లో ఉండే స్ట్రాంగిలాయిడిస్ ఫ్యూలెబోర్నీ గుడ్డు బయటికి పడేసరికే లోపల లార్వా తయారుగా ఉంటుంది. మన మే నెల ఎండలో కొన్ని గంటలు చాలు, పగిలి బయటికొచ్చేస్తుంది. గుడ్డు తేలుతుంది కానీ, లార్వా చిక్కటి ఉప్పునీళ్లలో పడితే ముడుచుకుపోయి గుర్తుపట్టలేకుండా అవుతుంది. నేను చీరలు ఎంచుతున్నంతసేపూ ఆ కవర్‌లో గుడ్లన్నీ పగిలి ఖాళీ అయిపోయాయి. మర్నాడు నాకు కనపడినవి ఆ లార్వాల శవాలే. నేను వాటిని చూసి కూడా లేవని రాశా.

పదకొండు రోజుల తర్వాత, పెళ్లి అయ్యాక డ్యూటీలో చేరా. చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. చెవి తెగిన పిల్లకి విరేచనాలు అప్పటికే మూడు రోజులుగా. ఆ సాయంత్రం చనిపోయింది. తల్లి వదల్లేదు. అరటిపళ్ల హస్తం మొత్తం లోపల పెట్టి, అది ఒక్క క్షణం చెయ్యి చాపినప్పుడు కీపర్ పిల్లని తీశాడు. డాక్టరుగారు చిన్న పేగు పైభాగం కోసి, లోపలి పొర గీరి, స్లైడ్ మీద వేసి మైక్రోస్కోప్ నా వైపు తిప్పారు. వెంట్రుకంత సన్నటి పురుగులు, పల్చటి పెంకు గుడ్లు, ప్రతి గుడ్డులో చుట్టుకుని కదులుతున్న లార్వా. ఫీల్డ్ నిండా.

ఆయన రిజిస్టర్ తెరిచి నా రాత చూశారు. కేకలేస్తారనుకున్నా. "ఈ శాంపిల్ ఎప్పుడు పడింది, నువ్వెప్పుడు చూశావు?" అని ఒక్కటే అడిగారు. రిజిస్టర్‌లో తేదీ గడి ఉంది, టైము గడి లేదు. నిజం చెప్పా. ఆయన రిజిస్టర్ మూసి వెళ్లిపోయారు. మర్నాడు తెల్లారుజామున నేనే వెళ్లి నిలబడి, పడినవి పడినట్టు తెచ్చి గంటలో చూశా. మిగిలిన పదింటిలో ఏడింటికి ఉంది.

సరిగ్గా రాసుంటే ఆ పిల్ల బతికేదని నేను చెప్పలేను. మందు వెయ్యాల్సిన పదకొండు రోజుల్ని మాత్రం నా చేతిరాతే తినేసింది. ఆ రోజే పెన్సిల్‌తో రెండు గీతలు గీశా: "పడిన టైము", "చూసిన టైము". రిటైరయ్యేదాకా కొత్త రిజిస్టర్ వచ్చినప్పుడల్లా ఆ గీతలు గీసుకున్నా. "నిల్" అన్న మాట మళ్లీ రాయలేదు. "ఈ శాంపిల్‌లో, ఈ పద్ధతిలో కనపడలేదు" అని రాసేదాన్ని. ఇంత పొడుగెందుకమ్మా అని అందరూ విసుక్కునేవాళ్లు. విసుక్కోనీ.

లెక్కపెట్టడం గురించి కూడా ఇదే బాధ నాకు. నువ్వు వాడబోయే మెక్‌మాస్టర్ పలక, గుడ్లు లెక్కపెట్టే గీతల గాజు పలక, 1939లో ఆస్ట్రేలియాలో గొర్రెల కోసం పుట్టింది. రెండు గ్రాముల పెంట, 28 మిల్లీలీటర్ల ఉప్పునీళ్లు, మొత్తం 30 అనుకో. పలకలో రెండు గదుల్లో కలిపి నువ్వు చూసేది 0.3 మిల్లీలీటర్లు, అంటే నూరో వంతు. కనపడిన గుడ్లని నూరుతో గుణించి, రెండు గ్రాములు కాబట్టి రెండుతో భాగిస్తే, ఒక్కో గుడ్డు గ్రాముకి 50 కింద లెక్క. ఇప్పుడు ఆలోచించు. గిన్నెడు పులుసులోంచి ఒక్క చెంచా తీసి, ముక్క రాలేదు కాబట్టి పులుసులో ముక్కలే లేవంటే మీ అమ్మమ్మ ఏమనేది? గ్రాముకి నలభై గుడ్లున్న కోతికి ఈ పలకలో సున్నా రావచ్చు. అందుకే పలకతో పాటు మామూలు ఫ్లోటేషన్ (ఉప్పునీళ్లలో తేలించి చూడటం), నేరుగా తడి స్లైడు, రెండూ చెయ్యి. ఇప్పుడు మినీ ఫ్లోటాక్ అనేది వచ్చింది, పదింతలు పల్చన చేసి రెండు మిల్లీలీటర్లు చూస్తారు, గ్రాముకి ఐదు గుడ్లే ఉన్నా దొరుకుతాయి. మీ కాలేజీలో ఉంటే వదలకు. నాకు ఆ భాగ్యం లేకపోయింది.

ఉప్పునీళ్లు నువ్వే కలుపుకో. లీటరు నీళ్లకి 360 గ్రాముల దాకా కరుగుతుంది, అడుగున కరగని ఉప్పు మిగిలితేనే చిక్కదనం చాలినట్టు. హైడ్రోమీటర్‌తో సాంద్రత 1.20 ఉందో లేదో చూసుకో. పలక నింపాక ఐదు నిమిషాలు ఆగు. గుడ్లు పైకి తేలి పైగాజు కిందకి చేరతాయి, కాబట్టి ఫోకస్ పలక గీతల మీద పెట్టు. కొత్తవాళ్లు అడుగున చెత్త మీద ఫోకస్ పెట్టుకుని ఏమీ లేదంటారు. నేనూ అన్నా. మరీ ఆలస్యం చేస్తే ఉప్పు స్ఫటికాలు కట్టి కనపడినవి కూడా పోతాయి.

కనపడేవాటిలో నాకు ఇష్టమైనది కొరడా పురుగు గుడ్డు. అచ్చం మద్దెల లాగా ఉంటుంది, రెండు చివర్లా మెరిసే బిరడాలు, తేనె రంగు. ఒకసారి చూస్తే మర్చిపోవు. పల్చటి పెంకు గుడ్లతోనే గొడవ. కొంకి పురుగుదీ, పెద్దపేగులో గడ్డలు కట్టించే ఈసొఫాగోస్టోమమ్‌దీ గుడ్డు చూసి విడదీయలేవు. విడదీశానని ఎవరైనా అంటే నమ్మకు. బొగ్గుపొడితో కలిపి, తడి ఆరకుండా వారం పది రోజులు పెంచి, లార్వా చూసి చెప్పాలి. ఆ లార్వాలు చర్మంలోకి పోయే దశలో ఉంటాయి. గ్లవుజులు! ఇంకో మోసం, ధాన్యంలో ఉండే మైట్ల గుడ్లు. కోతి తిన్న గింజలతో లోపలికెళ్లి అలాగే బయటికొస్తాయి, పురుగు గుడ్డుకి రెట్టింపు ఉంటాయి. పుప్పొడి కూడా అంతే. అందుకే కొలవందే పేరు పెట్టకు. కంటి కటకంలో స్కేలు ఉంటే చాలదు, ఒక్కో ఆబ్జెక్టివ్‌కి (కింది కటకానికి) దాన్ని సరిచూసుకోవాలి. నా స్టేజ్ మైక్రోమీటర్ స్టీలు బీరువాలో ఉంది, ఒక్కో గీత పది మైక్రాన్లు. పెట్టె కీలు విరిగింది, రబ్బర్ బ్యాండ్ వేసి ఉంచా. వచ్చి తీసుకుపో.

అమీబాలు, బలాంటిడియం లాంటి ఏకకణ జీవుల్ని ఉప్పునీళ్లలో వెతక్కు. తాజా ముక్కని సెలైన్ చుక్కలో వేసి, వెచ్చదనం పోకముందే చూడు. చల్లబడితే కదలిక ఆగిపోతుంది. బలాంటిడియం పెద్దది, బొంగరంలా గిర్రున తిరుగుతూ పోతుంది. కోతుల్లో చాలావాటికి అది ఉన్నా ఏమీ కాదు, చూడగానే హడావిడి చెయ్యకు. అమీబా విషయంలో మాత్రం కొండముచ్చుల్ని వేరుగా చూడు. ఆకులు తినే జాతి, వాటి కడుపు తీరే వేరు, అమీబా పట్టిందంటే తట్టుకోలేవు. నాలుగు కేంద్రకాల సిస్టు (పెంకు కట్టుకున్న అమీబా) కనపడినంత మాత్రాన జబ్బు చేసే "హిస్టోలిటికా" అని రాయకు, ఏమీ చెయ్యని డిస్పార్ కూడా మైక్రోస్కోప్ కింద అలాగే ఉంటుంది. ఆల్కహాల్‌లో దాచిన భాగాన్ని పీసీఆర్‌కి పంపు.

అంకెలు వచ్చాక వాటికి లొంగిపోకు. గ్రాముకి ఎన్ని గుడ్లో తెలిస్తే కడుపులో ఎన్ని పురుగులో తెలిసినట్టు కాదు. విరేచనం నీళ్లలా ఉన్నరోజు గుడ్లు పల్చబడి అంకె తగ్గుతుంది, జబ్బు ముదురుతున్న రోజే రిపోర్టు బాగున్నట్టు కనబడుతుంది. పెంట గట్టిదా, మెత్తదా, నీళ్లా అన్నది పక్కనే రాసుకో. గొర్రెలకి రాసిన హద్దుల్ని కోతులకి తగిలించకు. మందు పనిచేసిందా అని తెలియాలంటే వేసే రోజు లెక్క, మళ్లీ పద్నాలుగో రోజు లెక్క, అదే కోతి, అదే పద్ధతి. కొరడా పురుగు మొండిది. మందుకి తగ్గినా మట్టిలో గుడ్లు ఏళ్ల తరబడి ఉంటాయి. మేము ఆరు నెలలకోసారి మందు వేసి, మట్టిని అలాగే ఉంచి, ఎందుకు పోవట్లేదా అని మందు కంపెనీని తిట్టుకునేవాళ్లం. పైమట్టి ఎన్నడు తీశారో కీపర్ని అడిగి నీ థీసిస్‌లో ఒక గడి పెట్టు. అది ఎవరూ పెట్టరు.

హైదరాబాద్ జూ 1963లో తెరిచారు. అప్పటి చెట్ల కింద ఇప్పుడు నువ్వు డబ్బాలు పట్టుకుని తిరుగుతావు. తెల్లారి జనం రాకముందు బాగుంటుంది, సింగలీకాలు (మొహం చుట్టూ జూలు ఉండే నల్లకోతులు) కూత పెడితే వినాలి. ఏమన్నా తిని వెళ్లు, కానీ అక్కడ మాత్రం ఏమీ తినకు. ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, బ్యాగులో కాదు.

చివరగా ఒకటి. కోతుల సంగతి మొదలుపెట్టే ముందే నీ శాంపిల్ ల్యాబ్‌లో ఇచ్చిరా, మూడు రోజులు. కీపర్లవి కూడా చేయించమని మీ గైడ్‌ని అడుగు. వాళ్ల నుంచి వీటికి, వీటి నుంచి వాళ్లకి, ఎటు నుంచి ఎటు పోతుందో లేకపోతే తెలియదు. సిగ్గుపడకు. మా రోజుల్లో అగ్గిపెట్టెలో పెట్టి, కాగితంలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లేవాళ్లం. ఇప్పుడు నీకు మూత ఉన్న డబ్బా ఇస్తారు. దాని మీద టైము రాయి.

ఆదివారం వస్తే ఉలవచారు పెడతా.

మీ పెద్దమ్మ